నెట్ రాకపోయినా, ప్రింట్ రాకపోయినా ముందు ఎక్కడ ఆగిందో చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే ఇళ్ళలో ఈ బాధ ఎంతుందో తెలుస్తూనే ఉంది. నేను ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే పని చేస్తాను. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువభాగం రెండే మాటలతో మొదలవుతాయి: "నెట్ రావట్లేదండీ", "ప్రింట్ రావట్లేదండీ". నేను వెళ్ళేసరికి చాలా ఇళ్ళలో అప్పటికే చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ అన్నీ చేసేసి ఉంటారు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తీసేసి ఉంటారు, రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి ఉంటారు, తెలిసిన కుర్రాడెవరో వచ్చి ఫార్మాట్ కొట్టేసి ఉంటాడు, దాంతో పాత ఫోటోలన్నీ పోయి ఉంటాయి. అసలు తప్పు చూస్తే గోడ దగ్గర సరిగ్గా కూర్చోని ఒక పిన్నులో ఉంటుంది. నిజంగా కడుపు తరుక్కుపోతుందండీ, ఆ ఫోటోలు మళ్ళీ రావు కదా.

అందుకే ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒకటే. ఏదీ మార్చకముందు ఎక్కడ ఆగిందో కనిపెట్టండి. మీ కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచానికి ఒక దారి ఉంది: కంప్యూటర్, అక్కడి నుంచి వైఫై లేదా వైరు, తర్వాత రౌటర్, తర్వాత ఫైబర్ డబ్బా, తర్వాత కంపెనీవాళ్ళ లైను. ప్రింటర్‌కీ అలాంటి దారే ఉంది. మధ్యలో ఎక్కడో ఒక్కచోట తెగుతుంది, సాధారణంగా ఒక్కచోటే. మిగతావన్నీ బాగానే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళక్కర్లేదు.

ముందు నెట్ సంగతి చూద్దాం. మొట్టమొదట ఆ గదిలోనే ఉన్న ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద ఏదైనా సైటు తెరవండి. డేటా ఆపడం మర్చిపోవద్దు, ఆపకపోతే ఫోన్ చడీచప్పుడు లేకుండా దాని మీదికి వెళ్ళిపోయి "నెట్ బాగానే ఉంది" అనిపిస్తుంది. ఫోన్‌లో వస్తూ కంప్యూటర్‌లో రాకపోతే తప్పు కంప్యూటర్ వైపు. రెండింట్లోనూ రాకపోతే రౌటర్ దగ్గరికి నడవండి.

అక్కడ లైట్లు చూడాలి. ఇప్పుడు మన ఊళ్ళలో చాలామందికి ఫైబర్ వచ్చేసింది కాబట్టి ఆ డబ్బా మీద రెండు లైట్లు గుర్తుపెట్టుకోండి, ఒకటి పాన్ (PON), రెండోది లాస్ (LOS). పాన్ పచ్చగా నిలకడగా ఉంటే కంపెనీ నుంచి వెలుగు మీ ఇంటిదాకా వస్తోందని. లాస్ ఎర్రగా వెలుగుతున్నా, ఎర్రగా కొట్టుకుంటున్నా ఆ వెలుగు రావట్లేదని. వీధిలో ఎక్కడైనా తీగ తెగి ఉండొచ్చు, లేదా మీ ఇంట్లోనే సోఫా జరిపినప్పుడు తీగ మడత పడి ఉండొచ్చు. అది గాజు తీగ, కరెంటు వైరులా మడిచి మేకుకి చుడితే లోపల వెలుగు పక్కలకి కారిపోతుంది. మడత కనిపిస్తే నెమ్మదిగా వదులు చెయ్యండి, ఆ తర్వాత కూడా ఎర్రగానే ఉంటే కంపెనీవాళ్ళకి ఫోన్ చెయ్యడమే, కంప్యూటర్‌లో మీరు ఏం నొక్కినా లాభం లేదు. ఫోన్‌లో "నెట్ రావట్లేదు" అని కాకుండా "లాస్ లైటు ఎర్రగా ఉంది" అని చెప్పండి. అలా చెబితే అవతలివాళ్ళు రీస్టార్ట్ చేశారా, బ్రౌజర్ మార్చారా అని తిప్పకుండా సూటిగా లైన్ మనిషిని పంపే అవకాశం ఎక్కువ. పాన్ పచ్చగానే ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే ప్లాన్ గడువు అయిపోయిందేమో ఒకసారి చూసుకోండి, ఇది కూడా తరచుగా జరిగేదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ వెయ్యడం రీస్టార్ట్. అది ఎన్నిసార్లు చేసినా ఫర్వాలేదు. సూది గుచ్చే రంధ్రం ఉంది చూడండి, అది రీసెట్. అది నొక్కితే మీ వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీవాళ్ళు లోపల పెట్టిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పటిదాకా గంటలో తేలే పని మరో మనిషి ఇంటికి వచ్చి సెట్ చేసేదాకా సాగుతుంది. పిల్లలకి కూడా చెప్పండి, ఆ రంధ్రం జోలికి వెళ్ళొద్దని.

సరే, లైట్లన్నీ బాగానే ఉన్నాయి, కంప్యూటర్‌లో మాత్రం రావట్లేదు. ఇప్పుడు తెర మీద చూడండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట పట్టుకుని ఆర్ నొక్కుతున్నాను, చిన్న పెట్టె వచ్చింది, అందులో సీఎండీ అని కొట్టి ఎంటర్. నల్ల తెర వచ్చిందా? భయపడకండి, ఇప్పుడు మనం కొట్టేవేవీ దేన్నీ పాడుచెయ్యవు, కేవలం అడుగుతాయి. ఐపీకాన్ఫిగ్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్. చాలా వరుసలు వచ్చాయి. మనకి కావలసినవి రెండే. ఐపీవీ4 అడ్రస్ అని ఉంది కదా, 192.168.1.7. ఇది ఈ కంప్యూటర్ నంబరు. కింద డిఫాల్ట్ గేట్‌వే, 192.168.1.1. ఇది రౌటర్ నంబరు. మీ ఇంట్లో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు, ఫర్వాలేదు.

పై అంకె 169.254తో మొదలైతే మాత్రం అక్కడే ఆగండి. దానర్థం, కంప్యూటర్ "నాకొక నంబరు ఇవ్వు" అని రౌటర్‌ని అడిగింది, జవాబు రాలేదు, దాంతో తనకు తనే ఒకటి పెట్టుకుంది. ఆ నంబరుతో నెట్ రాదు. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా ఇలా జరగొచ్చు, అందుకే "సిగ్నల్ ఫుల్‌గా ఉందండీ, నెట్ లేదు" అంటారు చాలామంది. రౌటర్ ఒకసారి ఆపి వెయ్యండి. తర్వాత ఇదే నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ రెన్యూ అని కొట్టండి. చాలామటుకు సరైన నంబరు వచ్చేస్తుంది.

నంబరు బాగానే ఉంటే దారి వెంట ఒక్కో అడుగూ వెళ్దాం. పింగ్ అంటే అవతలిదాన్ని "ఉన్నావా" అని పిలిచి చూడటం. పింగ్, ఖాళీ, 192.168.1.1, ఎంటర్. రిప్లై ఫ్రమ్ అని నాలుగు వరుసలు వచ్చాయి, పక్కన టైమ్ 2 మిల్లీసెకన్లు, 3 మిల్లీసెకన్లు అంటోంది. అంటే రౌటర్ దాకా దారి శుభ్రంగా ఉంది. ఇదే మీ పడగ్గదిలో కూర్చుని చేస్తే ఒకసారి 3, ఒకసారి 400, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ వచ్చిందనుకోండి, తప్పు కంపెనీవాళ్ళది కాదు, మీ ఇంటి గోడలది. కంపెనీవాళ్ళతో పోట్లాడే ముందు ఈ ఒక్క పరీక్ష చేయమని అందరినీ బతిమాలుతుంటాను. రెండోది, పింగ్ 8.8.8.8. ఇది గూగుల్ 2009లో అందరి కోసం తెరిచిన సర్వర్, గుర్తుంచుకోవడం సులువు కాబట్టి వాడుతున్నాం. జవాబు వస్తే మీ ఇంటి నుంచి బయటికి దారి ఉన్నట్టే. మూడోది, పింగ్ గూగుల్ డాట్ కామ్, ఈసారి నంబరు కాదు, పేరు. నంబరుకి జవాబు వచ్చి పేరు పెడితే "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అని వస్తే నెట్ ఉంది, పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచెయ్యట్లేదు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి చూడండి. అదీ కాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్ళి డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1 గానీ పెట్టొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం మార్చకండి, మీ ఐటీ వాళ్ళని అడగండి.

ఇవన్నీ బాగుండి, ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అని హెచ్చరిక వస్తుంటే కింద మూల తేదీ, టైము చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి వెళ్ళిపోతుంది, అప్పుడు బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు. తేదీ సరిచేస్తే వెంటనే తెరుచుకుంటాయి. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032, ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు.

(ముందు వరుసలో ఒకరు అడిగారు: మా పిల్లవాడు నెట్‌వర్క్ రీసెట్ కొడితే అన్నీ పోతాయంటున్నాడు, కొట్టొచ్చా?)

ఇది విండోస్ సెట్టింగ్స్‌లో ఉండే రీసెట్, రౌటర్ రంధ్రం కాదు. చివరి మందుగా కొట్టొచ్చండి. ఫైళ్ళేమీ పోవు, కాకపోతే గుర్తుపెట్టుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. మీ వైఫై పాస్‌వర్డ్ ముందే ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు కొట్టండి.

ఇక ప్రింటర్. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నెట్ పోతే ఫోన్‌తో ఎలాగో గడుస్తుంది, పిల్లవాడి హాల్ టికెట్ రాత్రి పదింటికి ప్రింట్ రాకపోతే ఆ ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు.

మొదటి పరీక్ష కంప్యూటర్ ముట్టుకోకుండా చెయ్యండి. మీ ప్రింటర్ మీద గాజు పలక ఉంటే ఒక కాగితం పెట్టి జిరాక్స్ తీయండి. కాపీ వచ్చిందంటే ఇంకు, కాగితం, రోలర్లు అన్నీ బాగున్నాయి, తప్పు దారిలోనో కంప్యూటర్‌లోనో ఉంది. కాపీ కూడా తెల్లగానో గీతలతోనో వస్తే అసలు డ్రైవర్ల జోలికి, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ జోలికి, వెళ్ళకండి. ఇంకు ట్యాంక్ ప్రింటర్లలో, ముఖ్యంగా మన ఎండాకాలంలో, కొన్ని వారాలు వాడకపోతే ఇంకు చిమ్మే హెడ్డులో అది గడ్డకడుతుంది. నాజిల్ చెక్ అనే పరీక్ష పేజీ తీసి, అవసరమైతేనే హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చెయ్యండి. క్లీనింగ్ ఇంకు బాగా తాగుతుంది, అందుకని వరసపెట్టి చెయ్యకుండా కొన్ని గంటలు వదిలేసి మళ్ళీ చూడండి. వారానికి ఒక రంగు పేజీ తీస్తే ఈ గొడవ చాలావరకు రాదు. లేజర్ ప్రింటర్ ఉన్నవాళ్ళు దాన్ని కంప్యూటర్ యూపీఎస్‌కి పెట్టకండి, కాగితం మీద పొడిని కాల్చే భాగం ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

కాపీ బాగా వస్తోంది, కంప్యూటర్‌లో మాత్రం ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. దీని వెనక కథ తెలిస్తే సగం భయం పోతుంది. వైఫై ప్రింటర్‌కి కూడా రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, లాడ్జిలో గది నంబరు లాగా. కరెంటు పోయి వచ్చింది, రౌటర్ మళ్ళీ లేచింది, చాలా రౌటర్లకి ముందు ఎవరికి ఏది ఇచ్చామో గుర్తుండదు, ఈసారి ప్రింటర్‌కి వేరే గది ఇచ్చింది. కంప్యూటర్ మాత్రం పాత గది తలుపే కొడుతూ కూర్చుంటుంది. ప్రింటరూ బాగుంది, కంప్యూటరూ బాగుంది, వైఫై కూడా బాగుంది, ప్రింట్ మాత్రం రాదు. నిన్న వచ్చింది ఇవాళ రాలేదంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

ఎలా తెలుస్తుంది? ప్రింటర్‌కి చిన్న తెర ఉంటే నెట్‌వర్క్ అన్న చోట నంబరు చూపిస్తుంది. తెర లేకపోతే చాలా మోడళ్ళలో ఐ అక్షరం ఉన్న బటనో, వైఫై బటనో కాసేపు నొక్కి పట్టుకుంటే ఒక పేజీ ప్రింట్ అవుతుంది, అందులో ఐపీ అడ్రస్ అని ఉంటుంది. ఇదిగో, ఇప్పుడు ఈ ప్రింటర్‌తో తీశాను, 192.168.1.12 అని ఉంది, వెనక ఉన్నవాళ్ళకి కనపడుతోందా? ఈ నంబరుని కంప్యూటర్‌లో బ్రౌజర్ పైన అడ్రస్ కొట్టేచోట కొడుతున్నాను. చూడండి, ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంది, ఇంకు ఎంతుందో కూడా చూపిస్తోంది. ఈ పేజీ తెరుచుకుందంటే కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య దారి బాగున్నట్టే, తప్పు విండోస్ సెట్టింగ్‌లో ఉంది. తెరుచుకోకపోతే చాలామటుకు రెండూ ఒకే వైఫైలో లేవు. కొత్త రౌటర్ పెట్టించుకున్నారా? వైఫై పాస్‌వర్డ్ మార్చారా? ప్రింటర్‌కి ఎవరూ చెప్పలేదు కదా, అది పాతదాన్నే వెతుక్కుంటోంది. ఇంకోటి, ఇంటి ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 వాటికి కనపడదు. రౌటర్‌లో 2.4 ఆపేస్తే ప్రింటర్ మాయమైపోతుంది. చుట్టాల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కి కూడా ఇంట్లో ప్రింటర్ కనపడదు, అది భద్రత కోసం కావాలనే అలా పెట్టారు.

పేజీ తెరుచుకుంది అనుకుందాం. అప్పుడు సెట్టింగ్స్‌లో ప్రింటర్స్, మీ ప్రింటర్ మీద నొక్కి ప్రింటర్ ప్రాపర్టీస్, అందులో పోర్ట్స్ అన్న ట్యాబ్. అక్కడ టిక్కు పెట్టి ఉన్న పోర్టులో పాత నంబరు ఉంటుంది. యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్, కొత్త నంబరు కొట్టండి, అంతే. తర్వాత ఒక్క పని చేసుకుంటే మళ్ళీ ఈ గొడవ రాదు. రౌటర్ పేజీలోకి వెళ్ళి అడ్రస్ రిజర్వేషన్ అన్న చోట ప్రింటర్‌కి ఎప్పుడూ అదే నంబరు ఇవ్వమని పెట్టండి. పది నిమిషాల పని, దయచేసి వాయిదా వేయకండి. ఇంకా ఆఫ్‌లైన్ అనే అంటుంటే క్యూ, అంటే వరసలో ఉన్న ప్రింట్ల జాబితా, తెరిచి ప్రింటర్ మెనూలో "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" దగ్గర టిక్కు ఉందేమో చూసి తీసేయండి.

ఇక ఇరుక్కుపోయిన ప్రింట్లు. ఒక పేజీ రాలేదని మళ్ళీ నొక్కుతాం, మళ్ళీ నొక్కుతాం, క్యూలో వరసగా పేరుకుపోతాయి, డిలీట్ చేస్తే "డిలీటింగ్" అని గంటల తరబడి అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తీసెయ్యక్కర్లేదు. ప్రింటర్ స్విచ్ ఆపండి. విండోస్ మీట, ఆర్, సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ. జాబితాలో ప్రింట్ స్పూలర్ వెతికి స్టాప్ నొక్కండి, ప్రింట్లని వరసలో పెట్టి పంపేది అదే. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అన్న ఫోల్డర్ తెరవండి, అనుమతి అడిగితే కంటిన్యూ. లోపల ఉన్న ఫైళ్ళు మాత్రమే డిలీట్ చెయ్యండి, ఫోల్డర్‌ని కాదు. మళ్ళీ స్పూలర్ స్టార్ట్ చేసి, ప్రింటర్ వేసి, ఒకే ఒక్క పేజీ పంపండి.

(వెనక నుంచి ఒకావిడ అడిగారు: మాకు అసలు ఏ తప్పూ చూపించదు, ప్రింట్ అయిపోయింది అంటుంది, కాగితం మాత్రం రాదు.)

మంచి ప్రశ్నమ్మా. అది వేరే ప్రింటర్‌కి వెళ్ళిపోయి ఉంటుంది. విండోస్ 10 నుంచీ "డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకుంటుంది" అని ఒక సెట్టింగ్ వచ్చింది, మీరు చివరగా దేనికి పంపితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. ఒకసారి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే తర్వాతవన్నీ అటే పోవచ్చు. ఆ సెట్టింగ్ ఆపేసి మీ ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్ చేసుకోండి. యూఎస్‌బీ వైరు ఉన్నవాళ్ళు పిన్ను వేరే రంధ్రంలో పెడితే కొన్నిసార్లు అదే పేరుతో, చివర కాపీ 1 అని రెండో ప్రింటర్ పుడుతుంది. ఒకటి బతికున్నది, ఒకటి ఖాళీది. వైరుని ఎప్పుడూ ఒకే రంధ్రంలో పెట్టండి.

ఇంకొక చిన్నది, కానీ చాలా సతాయిస్తుంది. ప్రింట్ పంపగానే ప్రింటర్ లైటు కొట్టుకుంటూ ఆగిపోతుంది, ట్రేలో కాగితాలు నిండుగా ఉన్నా "కాగితం పెట్టండి" అంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పేపర్ సైజు లెటర్ అని ఉంటుంది. అది అమెరికాలో వాడే కొలత, 216 బై 279 మిల్లీమీటర్లు. మనం వాడే ఏ4 210 బై 297. ప్రింటర్ ఆ కాగితం కోసం ఎదురుచూస్తోంది. ఏ4కి మార్చండి, ప్రింటర్ సెట్టింగ్‌లోనూ, వర్డ్‌లోనూ, రెండు చోట్లా.

తెలుగు ప్రింట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, దీని గురించి ఎక్కడా రాసి ఉండదు. తెర మీద తెలుగు బాగానే ఉంటుంది, కాగితం మీద డబ్బాలు వస్తాయి, లేదా లక్ష్మి అన్న పేరులో ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. పీడీఎఫ్ అయితే అడోబీ రీడర్‌లో ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ నొక్కి "ప్రింట్ యాజ్ ఇమేజ్" టిక్కు పెట్టండి. పేజీ మొత్తం బొమ్మగా వెళ్తుంది, కొంచెం నెమ్మది, కానీ అక్షరాలు చెదరవు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో చేసిన వర్డ్ ఫైలు మీ ఇంట్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే పద్ధతిలో రాసినవి కావు, ఆ ఫాంట్ మీ దగ్గర లేదు. మీ కంప్యూటర్ తప్పేమీ లేదు. షాపువాళ్ళని పీడీఎఫ్ ఇవ్వమని అడగండి.

(మధ్యలో ఒకరు: మా ట్యూషన్ సెంటర్‌లో ఒక కంప్యూటర్‌కి ప్రింటర్ పెట్టి మిగతావాటికి షేర్ చేశాం. అప్‌డేట్ అయ్యాక 11బీ అని ఏదో ఎర్రర్ వచ్చి ఆగిపోయింది.)

దానికి కారణం ఉందండీ. 2021లో స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అని ఒక పెద్ద లోపం బయటపడింది. స్పూలర్ విండోస్‌లో పూర్తి అధికారాలతో నడుస్తుంది, దాంతో బయటివాళ్ళు దాని ద్వారా కంప్యూటర్‌ని మొత్తం పట్టేసే ప్రమాదం. మైక్రోసాఫ్ట్ ఆ జూలైలో హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది, తర్వాతి నెలల్లో షేరింగ్ నిబంధనలు ఇంకా బిగించింది, అప్పుడే ఈ 11బీ మొదలైంది. రెండు కంప్యూటర్లలో ఒకటి కొత్త అప్‌డేట్‌తో, ఒకటి పాతదానితో ఉంటే మాట కలవదు. అన్నింటినీ పూర్తిగా అప్‌డేట్ చెయ్యండి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టికలో, ఒక సున్నా పెట్టమని నెట్‌లో వీడియోలు కనిపిస్తాయి, దాంతో పని అవుతుంది గానీ మూసిన తలుపు మళ్ళీ తెరిచినట్టే, పిల్లల వివరాలున్న చోట అది చెయ్యొద్దు. మీ ప్రింటర్‌కి వైఫై గానీ నెట్‌వర్క్ వైరు గానీ ఉంటే షేరింగ్ మానేసి ప్రతి కంప్యూటర్‌నీ నేరుగా ప్రింటర్‌కే కలపండి. కొత్తది కొనేవాళ్ళు డబ్బా మీద మోప్రియా గానీ ఎయిర్‌ప్రింట్ గానీ రాసి ఉందో చూసుకోండి, ఇవి విడిగా డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే పద్ధతులు, ప్రత్యేక డ్రైవర్ల గొడవ చాలా తగ్గుతుంది.

చివరగా ఒక్క విషయం, ఇది చెప్పకుండా వెళ్ళలేను. ప్రింటర్ పనిచెయ్యకపోతే చాలామంది కంపెనీ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని వెతుకుతారు. పైన కనిపించే నంబర్లలో దొంగవి ఉంటాయి. ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడతాడు, ఎనీడెస్క్ లాంటిదేదో వేయించుకుంటాడు, మీ తెర మొత్తం వాడికి కనిపిస్తుంది, తర్వాత పది రూపాయలు కట్టండి అంటాడు, మీరు బ్యాంకు వివరాలు కొడుతుంటే చూస్తూ ఉంటాడు. నంబరు కావాలంటే ప్రింటర్ డబ్బాలో వచ్చిన కాగితం మీదిది, లేదా కంపెనీ సొంత సైటులోది మాత్రమే వాడండి. తెర ఎవరికీ ఇవ్వకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పెద్దవాళ్ళు ఇంట్లో వాళ్ళకి చెప్పడానికి మొహమాటపడి ఆలస్యం చేస్తున్నారు. మొహమాటం వద్దు, తప్పు మోసం చేసినవాడిది.

సరే, ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు తెచ్చుకున్నవాళ్ళు ముందు బల్ల దగ్గరికి రండి. ఎర్రర్ తెర ఫోటో తీసుకొచ్చినవాళ్ళు ముందు ఉండండి, వాళ్ళది త్వరగా తేలిపోతుంది. రాని పేజీ కోసం ఇప్పుడు మళ్ళీ ప్రింట్ నొక్కకండి, క్యూ ఎలా ఉందో అలాగే తీసుకురండి.